ఉత్తుత్తి నెత్తురు

జూన్ 2, మధ్యాహ్నం

మా ఆడపడుచు ఈ రోజు మా హాస్పిటల్లో చేరింది. పోస్టు పేరు ట్రైనింగ్ ఆఫీసర్. నా పెళ్లి ఫొటోలన్నింటిలోనూ మా ఇద్దరి మధ్య దూరి పళ్లు బయటపెట్టిన పిల్ల. ఇప్పుడు మెడలో ఐడీ కార్డు, చంకలో లాప్‌టాప్. హాస్పిటల్లో నన్ను మీరు అంటోంది. ఇల్లు దొరికేదాకా మా ఇంట్లోనే ఉంటుంది. మా ఆయన నిన్ననే ముందుగదిలో మంచం వేసి కొత్త దుప్పటి పరిచాడు. ఆ దుప్పటి నేను దాచుకున్నది.

సూపరింటెండెంట్ గారు మీటింగ్ పెట్టి, పోయినేడాది నేను చేయించిన డ్రిల్ వీడియో ఆమెకి చూపించారు. ఎమర్జెన్సీ వార్డు ఇంచార్జిగా ఏటా ఆ డ్రిల్ నా చేతి మీదుగానే జరుగుతుంది. బస్సు బోల్తా పడ్డట్టు, పాతికమందికి దెబ్బలు తగిలినట్టు. నర్సింగ్ స్టూడెంట్లు మెడలో అట్టముక్కలు వేలాడదీసుకుని వస్తారు. ఒకదాని మీద కాలు విరిగింది అని ఉంటుంది, ఒకదాని మీద తలకు దెబ్బ అని. నేను గుమ్మం దగ్గర ఆరెంజ్ జాకెట్ వేసుకుని నిలబడి ట్యాగులు కడతాను. రెడ్ అయితే ముందు వాళ్లనే చూడాలి. ఎల్లో అయితే కాస్త ఆగొచ్చు. గ్రీన్ వాళ్లు నడిచి వెళ్లి కూర్చుంటారు. బ్లాక్ అంటే ఇక మనం చేయగలిగిందేమీ లేదు. అరగంటలో అంతా అయిపోతుంది. తర్వాత టీ, బిస్కెట్లు, గ్రూప్ ఫొటో.

వీడియోలో కాలు విరిగిన పిల్ల గెంతుకుంటూ వచ్చింది. తలకు దెబ్బ తగిలిన పిల్ల అప్పుడే బిస్కెట్ తింటోంది. ఇన్నేళ్లుగా నా కంట పడని బిస్కెట్ ఈ రోజు తెర నిండా కనిపించింది.

ఎలా ఉందమ్మా అని సూపరింటెండెంట్ గారు అడిగితే, చాలా క్రమశిక్షణగా ఉంది సార్, అంది. నా వైపు చూసి నవ్వింది కూడా.

జూన్ 3

క్రమశిక్షణగా ఉందట.

జూన్ 6, ఉదయం

నిద్ర లేచి వంటింట్లోకి వెళ్లేసరికి పొయ్యి మీద నా పాల గిన్నెలో నెత్తురు ఉడుకుతోంది. మొక్కజొన్న పిండి, ఎర్ర రంగు, కాస్త కోకో పొడి అని మా ఆడపడుచు వివరించింది. కోకో వేయకపోతే మరీ సిరాలా ఉంటుందట, ఎవరూ నమ్మరట. వదినా, కాస్త రుచి చూస్తావా, అని గరిటె నా నోటిదాకా తెచ్చింది. మా ఆయన అప్పటికే రుచి చూసి, తియ్యగా ఉందంటూ నాలుక చప్పరిస్తున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా వంటని ఒక్కసారి అలా చప్పరించిన పాపాన పోలేదు.

మా అమ్మాయి మోచేయి చాచి కూర్చుంది. దాని చేతి మీద ఈమె మైనం రుద్ది, టిష్యూ పేపరు అంటించి, చిన్న పుల్లతో చీల్చి, చీలికలోకి ఎరుపు దింపింది. చూస్తుండగానే ఎముక దాకా కోసుకున్న గాయం తయారైంది. నేను రోజూ గాయాలు చూసే మనిషిని. దగ్గరికి వెళ్లి చూశాను. అంచులు ఉబ్బినట్టు, చుట్టూ చర్మం కందినట్టు, ఎంత బాగా చేసిందో. అంత బాగా చేయకుండా ఉంటే నాకు హాయిగా ఉండేది.

అత్తా, కాలేజీకి ఇలాగే వెళ్లనా, అంది మా అమ్మాయి. కడుక్కుని వెళ్లు, అన్నాను. నన్ను అడగలేదన్నట్టు చూసింది.

గిన్నె మూడుసార్లు తోమాను. అడుగున గులాబీ రంగు పోలేదు.

జూన్ 9, సాయంత్రం

డ్రిల్ నా చేతుల్లోంచి పోయింది. మర్యాదగానే పోయింది. సూపరింటెండెంట్ గారు నన్ను పక్కకి పిలిచి, సిస్టర్, మీకు వార్డు పని ఎక్కువైపోతోంది కదా, ఈ బరువు కూడా ఎందుకు, అన్నారు. బరువని నేనెప్పుడు అన్నాను? ట్యాగులు కట్టే పని మాత్రం నాకే ఉంచారు.

తర్వాత ఆమె మాట్లాడింది. డ్రిల్ తేదీ ఎవరికీ చెప్పదట. ప్రమాదాలు తేదీ చెప్పి రావు కదా సార్, అంది. డ్యూటీ మారే సమయం చూసి పెడుతుందట, అప్పుడే అందరం చెల్లాచెదురుగా ఉంటాం కాబట్టి. లిఫ్ట్ ఆపేస్తుందట. ఫోన్లు పనిచేయవట. పేషెంట్లు వరుసలో రారట, ఒక్కసారిగా మీద పడతారట. ఒకరికి చెవులు వినపడవు. ఒకరు తాగి ఉంటారు. తమవాళ్ల కోసం వెతుక్కుంటూ వచ్చే బంధువులు కూడా ఉంటారు, అందులో మతిపోయిన తల్లి ఒకరు. డ్రిల్ మధ్యలో ఎవరికైనా నిజంగానే ఏమైనా అయితే, ఇది నిజం అని మూడుసార్లు అరవాలి. వెంటనే అన్నీ ఆపేస్తారు.

ఒక్కొక్క మాటా సరైనదే. అదే నా బాధ. అడ్డం చెప్పడానికి ఒక్క సందు దొరికితే బాగుండునని చెవులు రిక్కించుకుని విన్నాను. చివరికి, ఏడ్చేవాళ్లు ఎందుకమ్మా, గోల తప్ప, అన్నాను. అసలు ప్రమాదానికీ మన డ్రిల్‌కీ ఇన్నాళ్లూ ఉన్న తేడా ఆ గోలేనండి, అంది నవ్వుతూ. అందరూ తల ఊపారు. ఫార్మసీ క్లర్కు కూడా ఊపాడు. పోయినేడాది నా డ్రిల్‌లో బ్లాక్ ట్యాగ్ పెట్టించుకుని హాయిగా కునుకు తీసిన మనిషి.

ఒళ్లు మండిపోయింది. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గెందుకు. అసూయే.

జూన్ 10

మా అమ్మాయి జడ వాళ్ల అత్తే వేసింది.

జూన్ 14, మధ్యాహ్నం, టీ టైములో

ఈ రోజు మా స్టాఫ్‌కి చిన్న ట్రయల్ అని చెప్పింది. ఎప్పుడని చెప్పలేదు. పదిన్నరకి మా వార్డు మేల్ నర్సు, అదే మా పొడుగాయన, మెడ పట్టుకుని నా మీదికి తూలాడు. వేళ్ల సందుల్లోంచి ఎరుపు కారుతోంది. గాజు తలుపు తగిలిందని గొణిగాడు. పడుకోబెట్టి, మెడ నొక్కిపట్టి, డాక్టర్ని పిలవమని అరిచాను. నా చేతి కింద ఆయన భుజాలు కదులుతుంటే వణుకుతున్నాడనుకున్నాను. నవ్వాపుకుంటున్నాడు.

వార్డంతా పగలబడి నవ్వింది. తల కొట్టేసినట్టయింది.

ఆమె ఒక్కతే నవ్వలేదు. అందర్నీ కసిరి, సిస్టర్ గారు చేసింది మీలో ఎంతమందికి వచ్చు, గాయం నొక్కిపట్టాక ఒక్క క్షణం చెయ్యి తీయలేదు చూశారా, అంది. సరిగ్గా నా తరఫున నిలబడాల్సినచోట నిలబడింది. నన్ను వెక్కిరించి ఉంటే ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పుకుని ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఏం చెప్పుకోను? మీ చెల్లెలు నన్ను మెచ్చుకుందండీ అని చెప్పి ఏడవనా?

జూన్ 15

ఎంత వెతికినా ఆమెలో దొరికిన తప్పు ఒక్కటే. తడి తువ్వాలు కుర్చీ మీద వేస్తుంది.

జూన్ 19, ఉదయం

డ్రిల్ ఎప్పుడో మా ఆయనకి తెలుసు. నిన్న అన్నాచెల్లెళ్లు వరండాలో గుసగుసలాడుకుంటూ నేను టీ తీసుకొస్తుంటే ఆపేశారు. ఆయన ముఖం మీద రహస్యం దాగదు. చెవులు ఎర్రబడతాయి.

కూర బాగా చేశాను. అడిగింది వండాను. చొక్కా ఇస్త్రీ చేశాను. ఎప్పుడండీ డ్రిల్, అన్నాను మామూలుగా. చెప్పొద్దంది కదా, అన్నాడు. నాక్కూడానా అన్నాను. నీకే చెప్పొద్దంది, అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

నాకే చెప్పొద్దందట. నాకు ముందే తెలిస్తే వార్డంతా నేను సర్దిపెట్టేస్తానని ఆమె భయమట. సర్దిపెడతాను. ఇన్నేళ్లూ సర్దిపెట్టబట్టే ఆ వార్డు నడిచింది. నా మొగుడికి నా దగ్గర దాచడానికి ఒక మాట దొరికింది, అదీ నా ఉద్యోగం గురించి. ఆయన చొక్కా మళ్లీ నలిపి పెడదామనుకున్నాను. పెట్టలేదు. కాలరు మాత్రం కాస్త నలిపాను.

జూన్ 21

అమ్మాయికి పరీక్షలు అయిపోయాయి. చిన్నప్పుడు నేను వార్డు కబుర్లు చెబుతుంటే ఆవలించేది. ఇప్పుడు వాళ్ల అత్త దగ్గర కూర్చుని షాక్ అంటే ఏంటి, నాడి ఎందుకు పరిగెడుతుంది, పెదాలు ఎందుకు నీలమవుతాయి అని అడుగుతోంది. అవన్నీ నాకు తెలుసు. ఒక్కటి నన్ను అడిగితే ఏం పోయింది. కూరగాయలు తరుగుతూ జవాబులు వంటింట్లోంచే అరిచి చెప్పాను. తెలుసులే అమ్మా, అత్త చెప్పింది, అంది.

జూన్ 24, సాయంత్రం

డ్రిల్ అయింది. వరసగా రాసుకుంటాను.

మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ. పొద్దుటి నర్సులు చెప్పులు వేసుకుంటున్నారు. మైకులో ఆమె గొంతు: ఇది డ్రిల్, ఇది డ్రిల్, ఆడిటోరియం గోడ కూలింది. హెల్త్ డిపార్టుమెంటు నుంచి ఇద్దరు పరిశీలకులు అప్పటికే గుమ్మం పక్కన నిలబడి ఉన్నారు. నేను జాకెట్ వేసుకుని గుమ్మంలోకి పరిగెత్తాను. నాకు సంతోషంగానే ఉంది, దాచేదేముంది. చూపిస్తాను ఈవేళ, అనుకున్నాను.

ఒక్కసారిగా మీద పడ్డారు. దుమ్ము కొట్టుకున్న ముఖాలు, అరుపులు, తడి బట్టలు. ఇద్దరు ముగ్గురు నిజంగానే ఏడుస్తున్నారనిపించింది. నేను బెదరలేదు. ముగ్గురికి గ్రీన్ కట్టి పక్కకి పంపాను. తాగినవాణ్ణి పొడుగాయనకి అప్పగించాను. ఆ తర్వాత ఫార్మసీ క్లర్కు. ఈసారి కునుకు తీయడం లేదు. పెదాలకి నీలం పూశారు, ఊపిరి ఈలలా వస్తోంది. ఛాతీలో గాలి చేరింది, నిమిషాల మీద తీయకపోతే పోతాడు. రెడ్. ట్యాగ్ చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడు పక్కన ఇంకో స్ట్రెచర్ ఆగింది. దాని మీద మా అమ్మాయి.

ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. కళ్లు మూసుకుంది. మోకాలి కింద ఎముక బయటికొచ్చింది. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు.

నాకు తెలుసు. ఇది రాసి పెట్టాలి. అది మైనమని నాకు తెలుసు. ఆ మైనం నా పొయ్యి మీదే కరిగింది. ఆ నెత్తుట్లో కోకో ఉందని తెలుసు. ఎముక నిజమైనా, అది ఎల్లో, కాస్త ఆగొచ్చని కూడా తెలుసు. తెలిసీ క్లర్కుని వదిలేసి దాని మీద పడ్డాను. తప్పుకోండి, ముందు దీన్ని లోపలికి తీసుకెళ్లండి, అని అరిచాను. ఇద్దరు డాక్టర్లని చెయ్యి పట్టి లాక్కొచ్చాను. గాయం నొక్కిపట్టాను. మైనం ఊడి అరచేతిలోకి వచ్చింది. కింద మా అమ్మాయి కాలు శుభ్రంగా ఉంది. దోమ కుట్టిన దద్దురు తప్ప ఏమీ లేదు. అది చూశాక కూడా నేను వెనక్కి వెళ్లలేదు.

మా ఆడపడుచు పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆమె ముఖం చూడగానే ఇన్నాళ్లూ నోట్లో నొక్కిపెట్టిందంతా బయటికొచ్చింది. నా పని తీసుకున్నావు, నా మొగుడి చేత నా దగ్గరే దాపరికాలు చేయించావు, ఇప్పుడు నా పిల్లని నాకే ఇలా తెచ్చి చూపిస్తావా, ఇంకా ఏం మిగిలింది నా ఇంట్లో, చివరికి నా పాల గిన్నె కూడా వదల్లేదు కదే, అన్నాను. అనడం కాదు. గేటు దాకా వినిపించిందట. ఆమె భుజం పట్టుకుని ఊపాను కూడా.

పరిశీలకులు గబగబా రాసుకుంటున్నారు.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అక్కడే ఆగిపోయాయి. తర్వాత చాలా నెమ్మదిగా, అమ్మా, మీ అమ్మాయికి ప్రాణభయం లేదు, మీరిలా రండి, ఇక్కడ కూర్చోండి, నేను మీ పక్కనే ఉంటాను, అంది. ముక్కూమొహం తెలియని ఆడమనిషితో మాట్లాడినట్టు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించింది. తాగాను.

రెడ్ ట్యాగ్ నా చేతిలోనే ఉండిపోయింది. ట్యాగ్ లేని మనిషిని ఎక్కడికి పంపాలో ఎవరికీ తెలియలేదు. ఫార్మసీ క్లర్కు గుమ్మంలోనే చనిపోయాడు.

జూన్ 25, ఉదయం

నిన్న డ్రిల్ అయ్యాక అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడించారు. ఏది బాగుంది, ఏది పోయింది. పరిశీలకుల్లో పెద్దాయన లేచి, ఇన్ని హాస్పిటళ్లు చూశాం గానీ ఆ మతిపోయిన తల్లి పాత్రలాంటిది ఎక్కడా చూడలేదు, అన్నాడు. సూపరింటెండెంట్ గారు చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. నా వైపు తిరిగి కొట్టారు.

అసలు ఆ పాత్ర ఒక స్టూడెంటుది. ఆ పిల్ల ఆపేసిన లిఫ్ట్‌లో ఇరుక్కుని డ్రిల్ అయ్యేదాకా తలుపు బాదుతూనే ఉంది. తలుపు బాదేవాళ్లు కూడా డ్రిల్‌లో భాగమే అనుకున్నారు వాచ్‌మన్‌లు.

ట్యాగులు కట్టే మనిషి హఠాత్తుగా పోస్టు వదిలేస్తే ఏమవుతుందో కూడా పరీక్షించారన్నమాట, భలే ఆలోచన, అంది రెండో పరిశీలకురాలు. మా ఆడపడుచు అవునని అనలేదు, కాదని అనలేదు. నా వైపు చూసింది. నేను గోడ మీద గడియారం చూశాను.

పాల గిన్నె డైలాగు ఎవరు రాశారండీ, అద్భుతం, అన్నారు సూపరింటెండెంట్ గారు.

జూన్ 25, సాయంత్రం

ఇంట్లో ముగ్గురినీ నిలబెట్టి అడిగాను. అమ్మాయిని ఎవరు పంపారు?

స్టూడెంట్లు తక్కువయ్యారట. అమ్మాయి తనే వస్తానందట. వాళ్ల నాన్న సరేనన్నాడట. అన్నయ్యా, వదినకి ఈ సంగతి ముందే చెప్పు, అని ఆమె ఆయనతో మరీ మరీ చెప్పిందట. తేదీ చెప్పొద్దు, అమ్మాయి సంగతి చెప్పు అని. ఈ మహానుభావుడు రెండూ కలిపి ఒకే రహస్యం అనుకుని రెండూ మింగేశాడు. చెవులు ఎర్రగా కందిపోయి నిలబడ్డాడు. తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఆమె తప్పు ఉంటే ఎంత బాగుండేది.

నేను ఆపేయాల్సింది వదినా, అంది ఆమె. నువ్వు దాని మీద పడగానే అర్థమైంది ఇది నాటకం కాదని. ఇది నిజం అని అరవాల్సింది. బాగా జరుగుతోంది కదా, వాళ్లు చూస్తున్నారు కదా అని ఒక్క నిమిషం ఆశపడ్డాను. ఆ నిమిషంలోనే చేయిదాటిపోయింది, అంది. ఆమె తన తప్పు తనే చెప్పేసుకుంటే ఇక నేనేం చేసుకోను.

జూన్ 26

మా అమ్మాయి తన స్నేహితురాలితో ఫోనులో చెబుతోంది. వింటున్నానని దానికి తెలియదు. అంతమంది ఉన్నారే, అందర్నీ వదిలేసి మా అమ్మ నా దగ్గరికే వచ్చింది, అంటోంది. ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పింది. గొంతులో ఎంత గొప్పో. నా దగ్గరికే వచ్చింది తెలుసా.

బట్టలు మడతపెడుతూ అక్కడే నిలబడిపోయాను. ఇంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ లేదు. వాళ్ల అత్త ఎన్ని జడలు వేసినా ఈ మాట ఆమె గురించి కాదు.

జూన్ 27, టీ టైము

కారిడార్‌లో ఫార్మసీ క్లర్కు ఎదురై, సిస్టర్ గారూ, నన్ను చంపేశారు కదండీ, అన్నాడు. ఉత్తుత్తికే అన్నాడు, నవ్వుతూనే. పక్కనున్నవాళ్లూ నవ్వారు. ఆయనకి ఇద్దరు పిల్లలు. చిన్నవాడికి టీకాలు వేసింది నేనే.

నిన్న నాకు కలిగిన సంతోషం ఆయన పోయినందువల్ల వచ్చింది. ఈ వాక్యం కొట్టేయబుద్ధి కాలేదు, ఎందుకంటే అబద్ధం కాదు.

జూన్ 28

రేపు డ్రిల్ మీద చివరి మీటింగ్, పరిశీలకులు కూడా వస్తారు. మా ఆడపడుచు వంటింట్లోకి వచ్చి గ్లాసులు తుడుస్తూ, వదినా, వాళ్లంతా యాక్టింగ్ అనుకుంటున్నారు, అనుకోనీ, అసలు సంగతి నా నోటి నుంచి మాత్రం రాదు, అంది. మరి నిజంగా గోడ కూలి, నిజంగా మన పిల్లలే వస్తే ఏం చేయాలో ఎవరూ ఆలోచించరు కదా, అన్నాను. ఆలోచించరు, అంది. గ్లాసు తుడిచిందే తుడిచింది.

నేను చెబితే నా పని అయిపోతుంది. ఇంచార్జి సిస్టరే పోస్టు వదిలి పారిపోయిందంటే జాకెట్ నాకు ఎందుకిస్తారు? డ్రిల్ పోయింది. మిగిలిందల్లా ఆ జాకెట్. చెప్పకపోతే నేను గొప్ప నటిని.

ఆమె నన్ను చెప్పమని ఒక్క మాట అడిగితే బాగుండు. మొండికేసేదాన్ని. అడగలేదు.

జూన్ 29, సాయంత్రం

చెప్పాను.

సూపరింటెండెంట్ గారు మళ్లీ ఆ తల్లి పాత్ర ఎత్తారు. నేను లేచి, సార్, అది యాక్టింగ్ కాదు, అన్నాను. అందరూ నవ్వారు. భలే, ఇంకా పాత్రలోనే ఉన్నారు సిస్టర్, అన్నారాయన. కాదు సార్, మా అమ్మాయిని చూసి నేను పోస్టు వదిలేశాను, అన్నాను. ఇంకా నవ్వారు. ఎలా నమ్మించాలో తెలియలేదు. చివరికి ఆమె నేర్పిందే వాడాను. ఇది నిజం. ఇది నిజం. ఇది నిజం.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఫార్మసీ క్లర్కు తల వంచుకున్నాడు. తను నిజంగానే చనిపోయినట్టు ఆయన ముఖం మొట్టమొదటిసారి కనిపించింది.

మా ఆడపడుచు లేచింది. డ్రిల్ ఆపకుండా ఉండిపోయింది తనేనని చెప్పింది. తర్వాత నన్ను అడిగింది, మీరు చెప్పండి, అలాంటప్పుడు ఏం చేయాలి? ఆలోచించకుండానే చెప్పాను, బహుశా మూడు రోజులుగా ఆలోచిస్తూనే ఉన్నానేమో. ట్యాగులు కట్టేవాళ్లకి తమ సొంత మనిషే ఎదురైతే, జాకెట్ విప్పి పక్కవాళ్లకి ఇచ్చేయాలి. ఎవరికివ్వాలో డ్యూటీ ఎక్కినప్పుడే చెప్పుకోవాలి. జాకెట్ ఇచ్చాక సొంత మనిషి దగ్గర కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనకూడదు.

సొంత మనిషి అంటే ఎవరెవరు, లిస్టు ఉండాలి కదా, అన్నారు సూపరింటెండెంట్ గారు. పిల్లలు, తల్లిదండ్రులు, భార్య, భర్త, అంతేనా? లిస్టు వద్దు సార్, అంది మా ఆడపడుచు. జాకెట్ వేసుకున్న మనిషికి తెలుస్తుంది.

జాకెట్ నా దగ్గరే ఉంచారు. పరిశీలకుల పెద్దాయన వెళ్తూ వెళ్తూ, ఇలా మనసులో మాట బయటికి తెప్పించడమే ట్రైనింగ్ అంటే, అని ఆమెకి చెయ్యి కలిపాడు. ఆమెకి. చెప్పింది నేను. కడుపు మళ్లీ మండింది. మండనీ, నా కడుపు నా ఇష్టం.

జూలై 12

ఆమెకి ఇల్లు దొరికింది. హాస్పిటల్ వెనక వీధిలో, రెండు గదులు. ఈ రోజు సామాను తరలించాం. మా ఆయన కొత్త దుప్పటి కూడా మూటగట్టాడు. నేను చూసి కూడా ఏమీ అనలేదు. అమ్మాయి శనాదివారాలు అక్కడే ఉంటుందట. అప్పుడే నిర్ణయించుకున్నారు, నన్నెవరూ అడగలేదు.

కుర్చీ మీద తడి తువ్వాలు లేదు. ఇల్లు సర్దినట్టుగా ఉంది, నాకు చిరాగ్గా ఉంది.

జూలై 20

సోమవారం. అమ్మాయి ఇంకా రాలేదు. వాళ్లిద్దరూ కలిసి కాలిన గాయాలు చేయడం నేర్చుకుంటున్నారట. వీడియో పంపింది. చాలా బాగా చేశారు. ఫోను బోర్లా పెట్టేశాను.

ఆగస్టు 19

మళ్లీ డ్రిల్. రసాయనాల గోడౌన్‌లో మంటలు. ఇద్దరు రెడ్‌లని లోపలికి పంపాను. ఆ వెనకే మా ఆడపడుచు నడుచుకుంటూ వచ్చింది, పేషెంటుగా. మోచేతి మీద చిన్న గీత, అదీ హడావుడిగా వేసుకున్నది. గ్రీన్ కట్టి కూర్చోమంటే సరిపోయేది.

జాకెట్ విప్పి పొడుగాయనకి ఇచ్చేశాను.